గడ్డకట్టిన తేనె

మా అవ్వకు దగ్గు వస్తే తేనె కావాల. మిరియాల పొడిలో తేనె కలిపి నాకితేగాని ఆమెకు నిద్ర పట్టదు. ఆ తేనె మేము అంగట్లో కొనము. సేర్వరాయన్ కొండ మీద నుంచి ఒక తాత బొమ్మిడికి దిగి వచ్చి, సీసాలలో పోసి మా వీధిలో అమ్మేవాడు. ఆయన మలయాళి. అంటే కేరళ మనిషి కాదు, మా పక్క కొండల మీద ఉండే గిరిజనులను ఇక్కడ అట్లే అంటారు. ఆయనతో మేము అరవంలోనే మాట్లాడుతాము.

పోయిన మార్గళి చలిలో అవ్వ సీసా వంచితే తేనె కారలేదు. సగం దాకా తెల్లగా, రవ్వ మాదిరి గడ్డకట్టి ఉంది. వేలితో తీసి నాకినాను. పండ్ల కింద కరకరమన్నది.

“అవ్వా, ఇది చక్కెర పాకం. ఆ తాత మనల్ని మోసం చేసినాడు” అన్నాను.

“ఇన్నేండ్లుగా ఇస్తా ఉండాడు, అట్ల చేసే మనిషి కాదురా” అన్నది అవ్వ. నేను వినలేదు.

మళ్ళీ తాత వచ్చినప్పుడు వీధిలోనే సీసా పైకెత్తి, నలుగురూ వినేటట్టు అడిగినాను. గ్లాసు నీళ్ళు తెచ్చి అందులో ఒక చుక్క తేనె వేసి, “కరిగితే కల్తీ” అన్నాను. అది సెల్‌ఫోన్‌లో చూసిన పరీక్ష. చుక్క మెల్లగా కరిగింది. తాత వాదించలేదు. “పువ్వును బట్టి తేనె, తంబీ” అని మాత్రం చెప్పి, సీసా డబ్బు అవ్వ చేతిలో పెట్టి వెళ్ళిపోయినాడు. సీసా మా దగ్గరే ఉండిపోయింది. ఆ రోజు పక్కింటి అత్త కొనలేదు, ఎదురింటివాళ్ళూ కొనలేదు. తరువాత ఆయన మా వీధికి రాలేదు.

నేను గొప్పగా ఈ సంగతి మా సైన్సు సారుకు చెప్పినాను. సారు మెచ్చుకుంటారు అనుకున్నాను. ఆయన, “నీళ్ళలో స్వచ్ఛమైన తేనె కూడా కరుగుతుంది కదా, ఆ పరీక్షతో ఏమి తెలిసింది?” అని అడిగినారు. నాకు జవాబు రాలేదు. అప్పుడు ఆయన బోర్డు మీద రాసి చెప్పినారు.

పువ్వులోని మకరందం తియ్యని నీరు. అందులో సుక్రోజు, గ్లూకోజు, ఫ్రక్టోజు అనే చక్కెరలు ఉంటాయి. ఏది ఎంత అన్నది చెట్టును బట్టి మారుతుంది. తేనెటీగలు తమ ఎంజైముతో సుక్రోజును గ్లూకోజుగా, ఫ్రక్టోజుగా విడగొడతాయి. రెక్కలతో విసిరి నీటిని ఆరబెడతాయి. మామూలుగా 100 గ్రాముల తేనెలో ఫ్రక్టోజు సుమారు 38 గ్రాములు, గ్లూకోజు సుమారు 31 గ్రాములు, నీరు సుమారు 17 గ్రాములు. మన దేశంలో తేనెలో నీరు 20 శాతం మించరాదని నియమం ఉంది. మించితే పులిసిపోతుంది.

గ్లూకోజు నీటిలో ఫ్రక్టోజు అంత బాగా కరగదు. అందువల్ల గ్లూకోజు ఎక్కువ ఉన్న తేనె చలికాలంలో స్ఫటికాలుగా గడ్డకడుతుంది. పుప్పొడి రేణువులు ఉంటే వాటిని పట్టుకొని స్ఫటికం ఇంకా తొందరగా పెరుగుతుంది. ఆవపూల తేనె కొద్ది వారాలలోనే గడ్డకడుతుంది. ఫ్రక్టోజు ఎక్కువ ఉన్న తేనె చాలా కాలం నీరుగానే ఉంటుంది. అంగడి తేనెను వేడి చేసి బాగా వడకడతారు, అందుకే అది తొందరగా గడ్డకట్టదు. నేను దానిని చూసి తాత తేనెను కొలిచినాను!

రంగు, వాసన, రుచి కూడా పువ్వు నుంచే వస్తాయి. ఉగాది పచ్చడిలో మనము వేసే వేపపూవు తేనెలో కొంచెం చేదు తగులుతుంది. మా పక్క ఏర్కాడు కొండ మీద కాఫీ తోటలు ఉన్నాయి. సేలం కలెక్టరు కాక్‌బర్న్ 1820లలో అక్కడ కాఫీ నాటించినాడు. ఎండాకాలం వాన పడగానే ఆ చెట్లు మల్లెల మాదిరి తెల్లగా పూస్తాయి. ఆ పూలలోనూ తేనెటీగలు వాలుతాయి. నల్లటి తేనెలలో సాధారణంగా ఖనిజాలు ఎక్కువ. పువ్వు చెడ్డదైతే తేనె కూడా చెరుపు చేస్తుంది. టర్కీ నల్లసముద్రం పక్కన రోడోడెండ్రాన్ పూల తేనె తిని క్రీ.పూ. 400 ప్రాంతంలో గ్రీకు సైనికులు పడిపోయినారని జెనొఫోన్ రాసినాడు.

కల్తీ లేదని కాదు. 2020లో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ వాళ్ళు 13 బ్రాండ్ల తేనెను పరీక్షకు పంపితే 3 మాత్రమే అన్ని పరీక్షలలోనూ నిలిచినాయి. అది ప్రయోగశాలలో తేలిన సంగతి, గ్లాసు నీళ్ళలో కాదు.

ఇంటికి వచ్చి సీసాను గోరువెచ్చని నీళ్ళలో పెట్టినాను. సాయంత్రానికి గడ్డ కరిగి తేనె మళ్ళీ కారింది. ఇది స్వచ్ఛతకు రుజువు కాదని సారు ముందే చెప్పినారు. నా నిందకు మాత్రం రుజువు లేదని తెలిసింది.

రెండు నెలల తరువాత రైల్వే స్టేషన్ దగ్గర తాత కనిపించినాడు. “తప్పు నాది, తాతా” అని చెప్పి, అవ్వ ఇచ్చిన డబ్బు చాచినాను. ఆయన ఆ సీసా డబ్బు మాత్రం లెక్కగా తీసుకొని, మిగిలినది తిరిగి ఇచ్చినాడు. “మా వీధికి రండి” అన్నాను. “చూస్తాను” అన్నాడు.

పక్కింటి అత్తకు, ఎదురింటివాళ్ళకు నేనే వెళ్ళి జరిగినది చెప్పినాను. నలుగురి ముందర అన్న మాటను ఒక్కొక్క ఇంటికీ నడిచి వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. తాత ఇంకా మా వీధికి రాలేదు. అవ్వ ఖాళీ సీసాను కడిగి, ఎండబెట్టి, ఆయన కోసమే ఉంచింది.