గొలగమూడిలో ఒక ఎడిట్

వెంకయ్యస్వామి వికీ వ్యాసం సరిచేద్దామని శనివారం నెల్లూరులో దిగి, ఆటోలో గొలగమూడి వెళ్లా. పుట్టింది నాగులవెల్లటూరులో, సమాధి చెందింది ఇక్కడే, 1982 ఆగస్టు 24న. వీటికి పుస్తకాల్లో మూలాలు దొరికాయి. మిగతాదంతా విశేషణాలే. మా ఆఫీసు కోడ్ రివ్యూలా చకచకా కొట్టేశా.

చీటీల దగ్గర ఆగిపోయా. స్వామి కాగితం మీద వేలిముద్రలు వేసి భక్తులకిచ్చేవారు. అలాంటిదొకటి మా అమ్మమ్మ ట్రంకుపెట్టెలో ఉంది. మా అమ్మకు చిన్నప్పుడు జ్వరమొస్తే ఇచ్చారట. వికీకి అది ఎలా మూలమవుతుంది?

ధుని పొగకి కళ్లు మండుతుంటే ఫోన్‌లోనే టైప్ చేశా: ‘వేలిముద్రలు వేసిన చీటీలు భక్తులకు ఇచ్చేవారు’. జ్వరం సంగతి రాయలేదు.

అమ్మమ్మకి ఫోన్ చేసి చదివి వినిపించా.

“ఇంతేనా అబ్బయ్యా?” అంది.