పిల్లల కోసమే కదా!

మీ ఇంట్లో ఏదో ఒక సొరుగులో, పాత కరెంటు బిల్లుల మధ్య, ఓ లక్కీ డ్రా కూపన్ పడి ఉండే ఉంటుంది. ఇరవై రూపాయలది. మూలన ఎర్రసిరాతో కొట్టిన నంబరు. కింద మొదటి బహుమతి మిక్సీ, రెండోది ప్రెషర్ కుక్కర్, మూడోది గోడ గడియారం. డ్రా ఎప్పుడు తీశారో, మిక్సీ ఎవరింటికి చేరిందో మీకు తెలీదు. కనుక్కోవాలని అనిపించి కూడా ఉండదు. కబడ్డీ జట్టు పోటీలకి వెళ్ళాలన్నారు, లేదా సండే స్కూలు పిల్లల్ని ఎక్కడికో తీసుకెళ్తామన్నారు. ఇచ్చేశారు. పిల్లల కోసమే కదా!

అంత చిన్న కాగితమ్ముక్క గురించి మతాలన్నీ ఎంత బుర్ర బద్దలు కొట్టుకున్నాయో చెబుతాను, కాస్త కూర్చోండి.

మనింటి నుంచే మొదలెడదాం. ఋగ్వేదం పదో మండలంలో జూదరి గోడు ఒక సూక్తమంతా ఉంది. ఆ కాలపు పాచికలు తానికాయలట. త్రిఫల చూర్ణంలో కరక్కాయకీ ఉసిరికాయకీ తోడుగా పడే కాయ అదే. కడుపు బాగుచేసే కాయ కాపురాలు కూల్చిందన్నమాట. ధర్మరాజు సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. మనువైతే రాజ్యంలో జూదమన్నదే ఉండకూడదన్నాడు. కౌటిల్యుడు లెక్కల మనిషి. ఎలాగూ ఆడతారు, దానికో అధ్యక్షుణ్ణి పెట్టి, గెలిచిన సొమ్ములో నూటికి అయిదు ఖజానాకి రాబట్టమన్నాడు. ఈ ఇద్దరి తగువూ ఇవాళ్టికీ తెగలేదు. కేరళ ప్రభుత్వం 1967 నుంచి సొంత లాటరీ నడుపుతోంది. మన రెండు రాష్ట్రాల్లో లాటరీ టికెట్లు అమ్మితే పోలీసులొస్తారు. ప్రభుత్వ అనుమతి లేని లాటరీకి దుకాణం తెరవడం భారతీయ న్యాయ సంహిత 297వ సెక్షన్ కింద నేరం కూడాను. ఈ ముక్క ఎంతమంది అపార్ట్‌మెంటు సెక్రటరీలకి తెలుసో మీరే అడిగి చూడండి.

నాకు అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేది ఇస్లాం చెప్పింది. ఖురాను 'మైసిర్'ని మద్యం పక్కనే పెట్టి వద్దంది. ఏమిటా మైసిర్? ఇస్లాముకి ముందు అరబ్బులు ఒక ఒంటెను కోసి, వాటాలు వేసి, గుర్తులు చెక్కిన బాణాలు సంచిలోంచి ఒక్కొక్కటే తీసేవారు. కొందరి బాణానికి వాటా, కొందరిది వట్టి బాణం. వాటా రాని వాళ్ళ నెత్తిన ఒంటె ఖరీదు పడేది. మరి గెలిచినవాళ్ళో? ఆ మాంసం తాము తినకుండా పేదసాదలకి పంచిపెట్టేవారని వ్యాఖ్యాతలు చెబుతారు. అలా పంచడం పెద్ద గొప్ప కూడా! అంటే చూడండి, 'మంచిపని కోసమే కదా' అన్న మాట పద్నాలుగు వందల ఏళ్ళ కిందటే విన్నారు, విని కూడా కాదన్నారు. అందులో జనానికి కొంత లాభం ఉందని ఒప్పుకుంటూనే, పాపం అంతకంటే పెద్దదన్నారు. అందుకే మీ పక్కింటి సాయిబుగారు కూపన్ తీసుకోకుండా డబ్బు మాత్రం ఇచ్చి పంపిస్తే, ఆయనకి పిల్లలంటే పడదనుకోకండి.

క్రైస్తవులు రెండుగా చీలారు. కతోలికులకి ఇది పెద్ద పట్టింపు కాదు. అదృష్టం మీద ఆడే ఆట దానంతట అది అన్యాయం కాదు, ఇంట్లో బియ్యం డబ్బులు అందులో పోస్తేనే తప్పు అంటుంది వాళ్ళ బోధ. అందుకే వాళ్ళ తిరునాళ్ళలో రాఫిల్ టికెట్లు, అంటే మన లక్కీ డ్రా కూపన్లే, ధీమాగా అమ్ముతారు. మెథడిస్టులు ఒప్పుకోరు. పొరుగువాడికి నష్టం చేసి వచ్చే సొమ్ము సంపాదన కాదన్న జాన్ వెస్లీ వారసులు వాళ్ళు. రాఫిల్, బింగో పెట్టి చర్చికి నిధులు పోగెయ్యకూడదని అమెరికా మెథడిస్టులు తీర్మానాలే చేసుకున్నారు. మన మెదక్ చర్చి కట్టించిన మిషనరీలదీ వెస్లీ సంప్రదాయమే.

అయితే చీటీ తీయడమే పాపమా అంటారేమో. కాదు లెండి. యూదా స్థానంలో పన్నెండో అపొస్తలుణ్ణి చీట్లు వేసే ఎంచుకున్నారని బైబిల్లో ఉంది. తిరుమలలో సుప్రభాతం, తోమాల సేవలకి ఆన్‌లైన్‌లో తీసే డిప్ మాత్రం ఏమిటి? పేరు నమోదుకి పైసా అక్కర్లేదు. పేరొస్తేనే డబ్బు కడతాం, రాకపోతే నిట్టూర్చి మళ్ళీ నెల చూస్తాం. చీటీ చీటీయే. దానికింద పందెం సొమ్ము చేరినప్పుడే పేచీ.

ఈ పేచీని ఒక్క ముక్కలో తేల్చినవాళ్ళు ఎవరనుకున్నారు? అమెరికా ఆదాయపు పన్ను వాళ్ళు. అక్కడి బళ్ళలో బ్యాండు మేళానికీ, బేస్‌బాల్ జట్టుకీ రాఫిల్ మామూలే. మన తెలుగు పిల్లలూ ఆ టికెట్లు పట్టుకుని వీధుల్లో తిరుగుతారు. చర్చికో బడికో ఊరికే ఇస్తే దానం, పన్నులో చూపించుకోవచ్చు. అదే చర్చి దగ్గర, అదే బడి దగ్గర రాఫిల్ టికెట్టు కొంటే అది దానం కాదు, చూపించుకోవడానికి వీల్లేదు. మిక్సీ మీద ఆశతో ఇచ్చిన డబ్బుని దానఖాతాలో రాయమంటే చిత్రగుప్తుడు మాత్రం రాస్తాడా?

ఇంతకీ నా గొడవ వేరు. వీళ్ళందరూ టికెట్టు కొన్నవాడి గురించే ఆలోచించారు. అమ్మే పిల్లాణ్ణి ఎవరూ పట్టించుకోలేదు. పదేళ్ళవాడి చేతికి యాభై కూపన్ల పుస్తకమిచ్చి, అన్నీ అమ్ముకురా అంటారు. వాడికి కబడ్డీ వచ్చుగానీ అమ్మకం రాదు. మొదటిరోజు నాలుగు గుమ్మాలు ఎక్కుతాడు. మూడో గుమ్మంలో ఎవరో 'ఇప్పుడు కాదు బాబూ' అంటారు. ఆ రాత్రి పుస్తకం నాన్న ఆఫీసుకి బదిలీ అవుతుంది. నాన్న కింద పనిచేసేవాళ్ళు నవ్వుతూ తలా అయిదు చింపుకుంటారు. వాళ్ళు మిక్సీ కోసమూ కొనలేదు, పిల్లల కోసమూ కొనలేదు. కౌంటర్‌ఫాయిల్స్ మీద ఎవరు ఎన్ని కొన్నారో రాసే పని మళ్ళీ పిల్లాడిదే. ఏ అంకుల్ అయిదు తీసుకున్నాడు, ఏ అంకుల్ ఒక్కటితో సరిపెట్టాడు అని వాడు ముత్యాల్లాంటి అక్షరాలతో రాస్తాడు. వాడికి ఆ లెక్క ఈ వయసులో ఎందుకండీ? అన్నీ అమ్మలేకపోయినవాడు మర్నాడు బడిలో మిగిలిన కూపన్లు తిరిగిచ్చేటప్పుడు పడే సిగ్గు కూడా నాకు నచ్చదు.

దీనికంటే వేలంపాట నయం. చర్చిల్లో కోతపండుగ చూశారా? విశ్వాసులు తెచ్చిన అరటిగెలలు, కోళ్ళు, గుమ్మడికాయలు ఆవరణలో పెట్టి పాట పాడతారు. గుమ్మడికాయ అయిదొందలకి పాడుకున్నాయన దాన్ని అక్కడే మళ్ళీ ఇచ్చేస్తాడు, ఇంకొకరు పాడతారు. బాలాపూర్ వినాయకుడి లడ్డూ 1994లో 450 రూపాయలకి పోయింది, 2024లో 30 లక్షలు దాటింది. ఎంత ఆర్భాటమున్నా, పాడుకున్నవాడి చేతికి లడ్డూ వస్తుంది, ఓడినవాడి జేబు అలాగే ఉంటుంది. టోకెన్లు అమ్మి లడ్డూకి డ్రా తీసే మండపాలూ ఉన్నాయనుకోండి, ఆ సంగతి మనువుకీ కౌటిల్యుడికీ వదిలేద్దాం.

అంత హంగు లేదంటే పిల్లలచేతే ఏదైనా చేయించి అమ్మించండి. కాగితం సంచులో, మట్టి ప్రమిదలో, నిమ్మరసమో. బజ్జీల దుకాణం పెట్టినా ప్లేటు యాభై ఇచ్చి తింటాను. కాకపోతే మూకుడు దగ్గర ఎవరున్నారో ముందు చూస్తాను. సాధారణంగా అమ్మలే ఉంటారు.