స్వస్థలం చేరని తండ్రీకొడుకులు

తైవాన్ వెళ్ళినవాళ్ళు చాలామంది రాజధాని తైపేలో బజార్లు చూసి తిరిగివస్తారు. నేను మాత్రం నైరుతి దిక్కుగా బస్సెక్కి, దాషీ అనే చిన్న పట్టణం మీదుగా త్సహూ చేరుకున్నాను. దాషీ పట్టణం యెండబెట్టిన సోయా జున్నుకు ప్రసిద్ధి. మన నాలుకకు కారం చాలదు.

త్సహూ అంటే వాత్సల్య సరోవరమని అర్థం. చుట్టూ పచ్చని కొండలు, నడుమ చెరువు, వొడ్డున మన మండువా లోగిలి వంటి వొక యిల్లు. యీ చోటు చూస్తే చియాంగ్ కై షేక్‌కు చైనాలోని తన స్వగ్రామం షీకౌ గుర్తుకు వచ్చేదట. 1962లో తల్లి జ్ఞాపకార్థం ఆయనే యీ పేరు పెట్టాడు. 1975 ఏప్రిల్‌లో పోయాక ఆయన్ని ఆ యింట్లోనే వుంచారు. ‘వుంచారు’ అనే అనాలి, పూడ్చలేదు మరి. చైనాను తిరిగి గెలిచాక స్వగ్రామం తీసుకుపోదామని నల్లరాతి పేటికలో నేలమీదనే వుంచారు.

1942లో భార్య సూంగ్ మేలింగ్‌తో మన దేశానికి వచ్చి, కలకత్తాలో గాంధీజీని కలిసినాయన యీయనే. మనకు అతిథి. తైవాన్‌వారి జ్ఞాపకం వేరు. 1947లో ఆయన సైన్యం అక్కడ వేలాదిమందిని చంపింది. 1949లో మావోకు ఓడి ఆయన యీ ద్వీపం చేరాడు. ఆ యేడు మొదలైన సైనిక శాసనం 38 యేళ్ళు సాగింది. 2018లో కొందరు యువకులు యీ పేటికమీద యెర్రరంగు పోశారంటే వూరికే కాదు.

చెరువుకు దగ్గరలోనే వొక తోట వుంది. బడులలో, కూడళ్ళలో తొలగించిన ఆయన విగ్రహాలు రెండువందలకు పైగా అక్కడ చేరాయి. కూర్చున్నవి, నిలుచున్నవి, గుర్రమెక్కినవి! పారవేయడానికి మనసొప్పక, వుంచుకోవడానికీ యిష్టంలేక వూళ్ళవాళ్ళు పంపివేసినట్లున్నది. కావోష్యుంగ్ నగరంలో 2007లో ముక్కలుచేసి తీసిన పెద్ద కంచు విగ్రహాన్ని యిక్కడ మళ్ళీ కూర్చారు గాని, అతుకుల నడుమ ఖాళీలు అలాగే వదిలారు. నాకు అదే సరి అనిపించింది.

కొద్దిదూరంలో, తౌలియావులో, కొడుకు చింగ్ క్వో వున్నాడు. అతని కథ నవలలకు తీసిపోదు. 1925లో పదిహేనేళ్ళ వయసున మాస్కోకు చదువుకు వెళ్ళాడు. 1927లో తండ్రి షాంఘైలో కమ్యూనిస్టులను వూచకోత కోయిస్తే, కొడుకు అక్కడినుంచే తండ్రిని బహిరంగంగా నిందించాడు. స్టాలిన్ యింటికి పోనివ్వలేదు. ఉరల్ ప్రాంతంలో యంత్రాల కర్మాగారంలో పనిచేస్తూ, తల్లిదండ్రులు లేని ఫాయినా అనే కార్మికురాలిని 1935లో పెళ్ళాడాడు. 1937లో భార్యాబిడ్డలతో తండ్రిని చేరుకున్నాడు.

తైవాన్‌లో తండ్రి రహస్య పోలీసు వ్యవస్థను నడిపినవాడూ యితడే. 1978లో అధ్యక్షుడయ్యాడు. 1985లో, తన తరువాత తన కుటుంబంలో యెవరూ ఆ పీఠం యెక్కరని ప్రకటించాడు. 1987 జూలైలో సైనిక శాసనం యెత్తివేసి, ఆరునెలలకే కన్నుమూశాడు.

ఫాయినా మళ్ళీ రష్యా మొహం చూడలేదు. 1989కీ 1996కీ మధ్య ముగ్గురు కొడుకులనూ పోగొట్టుకుంది. 2004లో ఆమె పోయాక, అస్థికలను భర్త పక్కకు చేర్చారు. అత్త మేలింగ్ అంతకు ముందు యేడే న్యూయార్కులో, 105 యేళ్ళ వయసున పోయింది.

2022లో తైపే వోటర్లు ఆ వంశంలోని మునిమనుమడు చియాంగ్ వాన్ ఆన్‌ను మేయరుగా యెన్నుకున్నారు. తండ్రీకొడుకులను యిక తైవాన్‌లోనే సైనిక శ్మశానంలో ఖననం చేయాలని కుటుంబంవారు 2004లో కోరారు. అదీ వాయిదా పడింది. పేటికలు రెండూ నేలమీదనే వున్నాయి.