క్రీడాకారుల వ్యాయామము - గృహిణుల అనుభవము

ఇంటిపనియే స్త్రీలకు చాలినంత వ్యాయామమని పెద్దలు చెప్పుచుందురు. రుబ్బుట, దంచుట, నీళ్లు తోడుట యున్న దినములలో నా మాట కొంత నిజమై యుండవచ్చును. నేడు మిక్సీయు, గ్రైండరును, కుళాయియు వచ్చినవి. అయినను సాయంకాలమునకు అలసట తప్పుట లేదు, బలమా పెరుగుట లేదు. అలసట వేఱు, వ్యాయామము వేఱు. 'ఇన్సానిటీ' యను వ్యాయామక్రమమును మా యింట నవలంబించిన పిమ్మట ఈ భేదము మాకు మిక్కిలి స్పష్టమైనది.

దీనిని 2009వ సంవత్సరమున అమెరికాలోని బీచ్‌బాడీ యను సంస్థ వెలువరించినది. నేర్పువాడు షాన్ టీ యను శిక్షకుడు. ఇందు బరువులతోగాని యంత్రములతోగాని పనిలేదు. ఆటగాండ్రు పోటీలకై చేయు అభ్యాసములే యిందలి పాఠములు. నిలిచినచోటనే మోకాళ్లెత్తి పరుగిడుట, ప్రక్కలకు వడిగా జరుగుట, గుంజిళ్లు దీసి యెగురుట, అరచేతులపై ఒడలి బరువు మోయుట మొదలగునవి ఒకదాని వెంట నొకటి చేయవలెను. వారమునకు 6 దినముల చొప్పున సుమారు 60 దినముల క్రమ మిది. మొదటి నెలలో దినమునకు సుమారు 40 నిమిషములు, నడుమ నొక వారము తేలికపాటి అభ్యాసము, పిమ్మట సుమారు గంటసేపు. కొంచెముసేపు తీవ్రముగా శ్రమించి, ఎక్కువసేపు తెప్పరిల్లుట సామాన్య పద్ధతి. ఇందు అది తాఱుమాఱు. సుమారు 3 నిమిషములు శ్రమ, 30 సెకనులు విశ్రాంతి. ఇట్టి అభ్యాసముచే గుండెకును ఊపిరికిని శక్తి పెరుగును.

మా యింట తోడికోడండ్ర మిద్దఱము మార్గశిర మాసమున దీని నారంభించితిమి. మా తల్లు లిరువురికిని చక్కెరవ్యాధి యుండుటచే మాకును భయము గలదు. ముందుగా వైద్యురాలి సలహా పొందితిమి. మోకాళ్లనొప్పి గల పెద్దామె, ఎగురుటకు బదులు అడుగులు వేయుట కేర్పాటైనది. పిల్లలకు క్యారేజీలు కట్టుటకు ముందు, తెల్లవారుజామున 5 గంటలకు మా పాఠము. "ఈ గంతులేమిటమ్మా, వంటింట్లో డబ్బాలు అదురుతున్నాయి" అని మా అత్తగారు మొదట విసుగుకొనిరి. పది దినములు గడచునప్పటికి పాలవానికి తలుపు తీయుట, డికాక్షను దింపుట ఆమెయే తనవంతు చేసికొనిరి.

మొదటి దినమునను, పిమ్మట రెండేసి వారముల కొకసారియు పరీక్ష కలదు. ఎనిమిది విధముల కదలికలను ఒక్కొక్క నిమిషము చేసి సంఖ్య వ్రాసికొనవలెను. పాలపద్దు పుస్తకపు చివరిపుటలలో మేము వ్రాసికొంటిమి. మాలో చిన్నామె గుంజిళ్లు దీసి యెగురుట మొదట 14, కడపట 27. ఎన్ని దోసెలు పోసితిమో, ఎన్నిమార్లు మెట్లెక్కితిమో ఎవ్వరును లెక్కింపరు, మేమును లెక్కింపము. మా శ్రమకు లెక్క యేర్పడుట యిదియే మొదలు.

అంతకంటె మమ్ము ఆకర్షించినది ఆ 30 సెకనుల విశ్రాంతి. ఇంటిపనిలో "ఇక కూర్చో" అని చెప్పువారు లేరు. ఇచ్చట శిక్షకుడే నిలిచి ఊపిరి తీసికొమ్మనును. విశ్రాంతియు పనిలో భాగమే. ఈ నేర్పు వంటింటికిని వచ్చినది. ఇప్పుడు మధ్యాహ్న భోజనమైన పిమ్మట గిన్నెలను అట్లే యుంచి పావుగంట కూర్చుందుము. ఇల్లు కూలలేదు.

బరువు కొంచెమే తగ్గినది. కాని మేడమెట్లు ఎక్కుచు మాటలాడగలుగుచున్నాము. 25 కిలోల బియ్యపు బస్తాకై మగవారి రాక నెదురుచూడక ఇరువురమును పట్టి లోనికి జేర్చుచున్నాము.

సోదరీమణులారా! ఈ క్రమము అందఱికిని తగినది కాదు. గర్భవతులును, నూతన బాలింతలును, హృద్రోగము గలవారును దీని జోలికి పోరాదు. దగ్గినను ఎగిరినను మూత్రము జాఱు బాధ గలవారు సిగ్గుపడక వైద్యురాలితో చెప్పుడు. దానికి వేఱు వ్యాయామములు కలవు. వారమునకు 150 నిమిషములు వడిగా నడచినను మేలే యని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తెలిపిన సూచనల సారము. ఏది చేసినను, ఆ కొంతసేపు మీదియని యింటిల్లిపాదికిని ముందుగా తెలియజెప్పుడు. తలుపు తీయుటకు ఇంకొకరు దొరకుదురు.