తెగిన సౌభాగ్యము

2022 వేసవిలో వినుకొండలోని మా యింట పెండ్లి శుభలేఖను ఫోనులో కూర్చుచుండగా, స్థలము చాలక "సౌభాగ్యవతి" యను మాట పంక్తి చివర "సౌభాగ్" అనియు, క్రింది పంక్తిలో "యవతి" అనియు తెగిపడెను. సోదరీమణులారా, తెగుటకు ఆ మాటయే దొరకవలెనా! ఆ యుపకరణము చేసినవారికి తెలుపగా, "ఇది దోషము కాదు, నియమానుసారమే" యని ప్రత్యుత్తరమిచ్చిరి. యంత్రము "గ్య"ను పొల్లు గకారముగాను, యకారముగాను వేర్వేరుగా దాచుకొనును. కావున నడుమ తెంపవచ్చునట! తాటాకులపై వ్రాసినవారు మాటను ఎచ్చటనైన విరిచిరి గాని, అక్షరమునుండి ఒత్తును ఊడదీయలేదు. ఈ సంగతినే మరల వ్రాసితిమి, బదులు రాలేదు. 2023 సెప్టెంబరున వెలువడిన యూనికోడు 15.1 కూర్పులో, తెలుగు మొదలగు లిపులందు సంయుక్తాక్షరమును ఒకే అక్షరముగా నెంచవలెనను నియమము చేరినది. అప్పటికి మా పెండ్లికూతురు అత్తవారింటికి పోయి యేడాది దాటినది.