గేరు రాడ్డు సాక్ష్యం

అంబాసిడర్ కారును మీరు చూసే ఉంటారు. గుండ్రటి వీపు, గుండ్రటి దీపాలు, లోపల ఇంటిల్లిపాదీ పట్టేటంత చోటు. మీరు చూడకపోతే మీ అమ్మానాన్నలను అడగండి. అందులో ఇరుక్కుని పెళ్ళికి వెళ్ళిన కథ ఒకటైనా చెబుతారు. ఇంగ్లండులో తయారైన మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ సిరీస్ కారు దీనికి మూలం. కలకత్తా దగ్గర ఉత్తరపారాలో హిందుస్తాన్ మోటార్స్ ఫాక్టరీ దీన్ని 1950ల చివరలో తయారుచెయ్యటం మొదలుపెట్టి, 2014 మే నెలలో ఆపేసింది.

ఇప్పుడు మీకొక చిక్కు ప్రశ్న. అరవై ఏళ్ళ నాటి కారు ఒకటి మీ ముందు ఉన్నది. అందులో ఏది ఫాక్టరీనుంచి వచ్చిన భాగం? ఏది తరవాత మార్చిన భాగం? కారుకు నోరు లేదు. మరి దానిచేత ఎలా చెప్పిస్తారు?

ఈ ప్రశ్న మా చిన్నమామయ్యకు నిజంగానే వచ్చిపడింది. ఆయనది అమలాపురం దగ్గర ఒక పల్లె. మా తాతయ్య 1964లో కొన్న అంబాసిడర్ ఇప్పటికీ వాళ్ళ కొబ్బరితోటలో, పెంకుల చావడిలో ఉన్నది. హైదరాబాదునుంచి పాతకార్లు సేకరించే పెద్దమనిషి ఒకరు వచ్చి, దాన్ని చూసి ముచ్చటపడ్డారు. మామయ్య అడిగిన ధర ఇవ్వటానికి ఒప్పుకున్నారు. కాని ఒక షరతు పెట్టారు. కారు ఫాక్టరీనుంచి వచ్చినది వచ్చినట్టుగా ఉండాలి.

ఆ షరతుకు కారణం ఉన్నది. 2021లో కేంద్ర ప్రభుత్వం పాత వాహనాలకోసం కొత్త నియమాలు చేసింది. యాభై ఏళ్ళు దాటి, తన అసలు రూపంలో ఉన్న సొంతవాడకపు వాహనాన్ని "వింటేజి" వాహనంగా నమోదు చేయించుకోవచ్చు. అయితే దాని ఛాసిస్, బాడీ, ఇంజను పెద్దగా మార్చి ఉండకూడదు. అలా నమోదైన బండికి నంబరు పలకమీద "వి.ఎ." అనే అక్షరాలు వస్తాయి. రుసుము 20,000 రూపాయలు, పదేళ్ళు చెల్లుతుంది.

ఇక మామయ్య కారులో ఒక విశేషం ఉన్నది. ఆ రోజుల అంబాసిడర్లలో గేరు రాడ్డు స్టీరింగు కిందనే ఉండేది. మామయ్య కారులో మాత్రం అది ఈ కాలపు కార్లలోలాగా కింద, నేలమీద ఉన్నది. "మా నాన్న ఫాక్టరీవాళ్ళకు ఉత్తరం రాసి ప్రత్యేకంగా చేయించుకున్నారు. జిల్లాలో ఇలాంటి కారు ఇదొక్కటే!" అని మామయ్య వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఆయన పుట్టింది 1973లో. ఆయనకు ఊహ తెలిసేసరికే రాడ్డు కింద ఉన్నది.

సంగతి తేల్చమని మామయ్య నన్ను పిలిచాడు. మామయ్య కూతురు ఏడో తరగతి చదువుతున్నది. నోటుపుస్తకం, పెన్సిలు పట్టుకుని తనూ నాతో బయలుదేరింది.

అసలు గేరు పెట్టె చేసే పని ఏమిటో ముందు తెలుసుకుందాం. ధవళేశ్వరం వెళితే కాలవ లాకుల దగ్గర ఆగి చూడండి. అంత బరువైన తలుపును ఒక్క మనిషి చక్రం తిప్పి ఎత్తగలడు. ఆయన చాలాసార్లు తిప్పితే తలుపు కొంచెమే లేస్తుంది. వేగం పోగొట్టుకుని బలం సంపాదించటం అన్నమాట! కారులో మొదటి గేరు చేసేది ఇదే. కోటిపల్లి రేవులో పంటు ఎక్కేటప్పుడు, బల్లలమీదుగా కారు మెల్లిగా, బలంగా పైకి పాకాలి. అప్పుడు మొదటి గేరు కావాలి. రోడ్డుమీదికి వచ్చాక బలంతో అంత పని లేదు, వేగం కావాలి. అప్పుడు పై గేర్లు. పళ్ళచక్రాలను ఒకదానితో ఒకటి జతకలిపి, విడదీసే పెట్టె గేరు బాక్సు. ఆ పెట్టెకు మన చేతి ఆజ్ఞను అందించేది గేరు రాడ్డు.

మొదటి సాక్షిగా ఆర్.సి. పుస్తకాన్ని పిలిచాం. అందులో ఛాసిస్ నంబరు, ఇంజను నంబరు ఉన్నాయి. బానెట్ ఎత్తి, ఇంజనుమీద కొట్టిన నంబరు వెతికి, మట్టి తుడిచి, దానిమీద పలచటి కాగితం పెట్టి పెన్సిలుతో రుద్దమన్నాను. అమ్మాయి రుద్దేకొద్దీ అంకెలు ఒక్కొక్కటే కాగితంమీదికి తేలివచ్చాయి. రవాణా ఆఫీసులో దీన్నే "పెన్సిల్ ప్రింటు" అంటారు. కంటితో చూసి రాస్తే 3 కాస్తా 8 కావచ్చు. పెన్సిల్ ప్రింటులో నంబరు ఉన్నది ఉన్నట్టు దిగుతుంది. రెండు నంబర్లూ పుస్తకంతో సరిపోయాయి. మామయ్య ముఖం వికసించింది.

"కాని బావా, గేరు బాక్సు నంబరేదీ?" అన్నది అమ్మాయి. చూశారా, ఎంత మంచి ప్రశ్నో! ఆర్.సి. పుస్తకంలో గేరు బాక్సు నంబరు రాయరు. ఈ సాక్షి ఇంజనుగురించి చెబుతాడుగాని, గేరుగురించి నోరు విప్పడు.

ఇంగ్లండులో అయితే మరొక దారి ఉన్నది. అక్కడి బి.ఎం.సి. కంపెనీ 1950ల చివరినుంచి ఇంజను నంబరుకు ముందు ఒక రహస్యభాషలాంటిది రాసేది. ఉదాహరణకు మారిస్ మైనర్ కారు ఇంజనుమీద "9 ఎం - యు - హెచ్" అని ఉంటుంది. 9 అంటే ఇంజను సుమారు 950 సి.సి. అని, "ఎం" అంటే మారిస్, "హెచ్" అంటే సిలిండరులో ఒత్తిడి ఎక్కువ రకం. మధ్యలో ఉన్న "యు" అంటే గేరు రాడ్డు నేలమీద ఉన్నదని! రాడ్డు స్టీరింగు దగ్గర ఉంటే అక్కడ "ఎన్" ఉండేది. చూడండి, ఒక్క అక్షరం ఎంత సంగతి చెబుతున్నదో! అంతేకాదు, గేడన్ అనే చోట ఉన్న బ్రిటిష్ మోటార్ మ్యూజియంవాళ్ళు ఆనాటి ఫాక్టరీ పుస్తకాలు భద్రపరిచారు. రుసుము చెల్లిస్తే, ఫలానా నంబరు కారు ఏ తేదీన తయారైందో, ఏ రంగుతో, ఏ ఇంజనుతో బయటికి వెళ్ళిందో చూసి ధ్రువపత్రం ఇస్తారు.

ఇది వినగానే అమ్మాయి పరుగున వెళ్ళి ఇంజనుమీద "యు" కోసం వెతకబోయింది. నేను ఆపాను. మన కారు తయారైంది ఉత్తరపారాలో. పక్కింటి తాళంచెవి మన తాళానికి పెట్టకూడదు. ఒకవేళ పట్టినట్టు కనిపించినా దాన్ని నమ్మకూడదు.

రెండవ సాక్షి కారుతోపాటు వచ్చిన చిన్న పుస్తకం. అది తాతయ్య ట్రంకుపెట్టెలో దొరికింది. అందులో డ్రైవరు సీటు ముందరి బొమ్మ ఉన్నది. గేరు రాడ్డు స్టీరింగు కిందనే ఉన్నది. ముందుకు నాలుగు గేర్లు, వెనక్కు ఒకటి. నేలమీది రాడ్డు ప్రసక్తి ఎక్కడా లేదు. ఫాక్టరీవాళ్ళు అంబాసిడర్‌కు నేలమీది రాడ్డు పెట్టింది 1990ల మొదట్లో, జపాను ఇసుజు ఇంజను, ఐదు గేర్ల బాక్సు వచ్చినప్పుడు.

"ఆ పుస్తకం అందరి కార్లకోసం అచ్చువేసింది. మనది ప్రత్యేకంగా చేయించినది గదా!" అన్నాడు మామయ్య. ఆయన మాటలోనూ న్యాయం ఉన్నది. పుస్తకం ఆ జాతి కార్లన్నిటి గురించి చెబుతుంది. ఈ ఒక్క కారుగురించి చెప్పదు. మా అమ్మను అడిగితే, "మొదట పైనే ఉండేదనుకుంటాను," అన్నది. పెద్దమ్మను అడిగితే, "కాదు, ఎప్పుడూ కిందే," అన్నది. జ్ఞాపకాలు అలాగే ఉంటాయి.

అందుచేత మూడవ సాక్షిగా కారునే పిలిచాం. సీటు కింది పట్టా ఎత్తి చూశాం. రాడ్డు పైకి వచ్చే చోట నేల రేకుకు కన్నం ఉన్నది. ఫాక్టరీలో అచ్చుతో నొక్కిన కన్నాలకు అంచు నునుపుగా, మడిచినట్టుగా ఉంటుంది. పక్కనే అలాంటివి రెండు కనిపించాయి. ఈ కన్నం అంచు మాత్రం ఉలితో కొట్టినట్టు వంకరటింకరగా ఉన్నది. పైగా ఆ అంచుమీద అసలు రంగు లేదు. అంటే, కారుకు రంగు వేసిన తరవాత కొట్టిన కన్నం అన్నమాట. స్టీరింగు గొట్టానికి ఒక చోట పట్టీ బిగించిన మచ్చ కూడా ఉన్నది.

ఆ తరవాత మామయ్య కారు స్టార్టుచేసి తోటలో మెల్లిగా నడిపాడు. ముందుకు నాలుగే గేర్లు. కారు పూర్తిగా ఆగకముందు మొదటి గేరు వెయ్యబోతే కరకరమన్నది. ఆనాటి గేరు బాక్సుల లక్షణం అది. పై మూడు గేర్లలో, జతకలిసే చక్రాల వేగాన్ని ముందుగా సమానం చేసే సింక్రోమెష్ అనే ఏర్పాటు ఉండేది. మొదటి గేరుకు ఉండేది కాదు. పరిగెత్తేవాడి చెయ్యి నిలబడి పట్టుకోబోతే ఏమవుతుంది? ఇదీ అంతే. కనక పెట్టె పాత జాతిదే. దాన్ని కదిలించే రాడ్డు మాత్రం మారింది.

ఇక చివరి సాక్షి. తాతయ్య జమాఖర్చు పుస్తకాలు అటకమీద ఉన్నాయి. అమ్మాయి ఒక్కొక్క సంవత్సరమే దించి దుమ్ము దులిపి చదివింది. కొబ్బరి అమ్మకాలు, కూలీల బత్తెం, బడి జీతాలు. 1978 పుస్తకంలో ఒక చోట ఆగిపోయి, గట్టిగా చదివింది: రాజమండ్రి షెడ్డులో కారు గేరు రాడ్డు స్టీరింగునుంచి తీసి కిందికి మార్చినందుకు 210 రూపాయలు. తాతయ్య చేతిరాతే!

ఎందుకు మార్పించారో ఊహించవచ్చు. స్టీరింగు దగ్గరి రాడ్డుకూ, దూరాన ఉన్న గేరు బాక్సుకూ మధ్య పొడుగాటి కడ్డీలు, కీళ్ళు ఉంటాయి. పద్నాలుగేళ్ళపాటు కాలవగట్ల బురదలో తిరిగితే ఏ కీలైనా అరుగుతుంది. అప్పుడు ఒక గేరు వేస్తే మరొకటి పడటం, మధ్యలో ఇరుక్కోవటం జరుగుతుంది. నేలమీది రాడ్డుకు ఆ బాధ తక్కువ. ఆ రోజుల్లో చాలామంది అలా మార్పించుకున్నారు.

మామయ్య చాలాసేపు మాట్లాడలేదు. నేల రేకు కొయ్యటమంటే బాడీని తాకినట్టే. ధర తగ్గుతుంది. కాని ఆయనను బాధపెట్టింది డబ్బు కాదని నాకు తెలుసు. చివరికి ఆయన ఆ పేజీని చేత్తో నిమిరి, "ఒరే, మా నాన్న ఎక్కడా అబద్ధమాడలేదురా. పైసలతో సహా రాసిపెట్టారు. ఆ కథ ఊరివాళ్ళు అల్లారు, నేను పెంచాను," అన్నాడు.

"కొన్నాయనకు ఇది చెప్పకపోతే తెలుస్తుందా, నాన్నా?" అని అడిగింది అమ్మాయి.

"తెలియకపోవచ్చు. మీ తాతయ్య రాసింది దాచిపెడితే నాకు నిద్ర పడుతుందా?" అన్నాడు మామయ్య.

ఆ రాత్రే హైదరాబాదు పెద్దమనిషికి మూడు మాటలు రాశాం. ఒకటి: ఇంజను, ఛాసిస్ నంబర్లు పుస్తకంతో సరిపోయాయి. రెండు: గేరు బాక్సు ఆ కాలపు రకమే, అయితే ఈ కారుతో వచ్చిన పెట్టె ఇదేనని చెప్పే కాగితం ఏదీ లేదు. మూడు: రాడ్డును 1978లో మార్చారు, ఇందుకు నేల రేకు కోశారు. జమాఖర్చు పేజీ నకలు కూడా జతచేశాం. ఆయన ధర కొంత తగ్గించారు. ఆ ధరకు మామయ్య ఇంకా అవుననలేదు, కాదనలేదు.

రెండవ మాటను మరొకసారి చదవండి. "ఆ రకానిదే" అనటం వేరు, "అదే" అనటం వేరు. మీ పెన్సిలులాంటి పెన్సిలు దొరికితే అది మీ పెన్సిలే అయిపోదు గదా! సాక్ష్యం ఎంతవరకు చెబితే మనమూ అంతవరకే చెప్పాలి.

మీ ఇంట్లో కుట్టుమిషనుందా? పొలంలో పంపుసెట్టు ఉందా? వాటిమీద నంబరు రేకు ఉంటుంది. మిషను ఆగి ఉన్నప్పుడు, పెద్దవాళ్ళను అడిగి, కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది చూడండి. ఆ కాగితం కిందనే, దాన్ని ఎప్పుడు కొన్నారో, ఏ భాగం ఏ సంవత్సరంలో మార్చారో అడిగి తేదీతో రాసిపెట్టండి. ఇప్పుడది మీకు అక్కరలేని కాగితంలాగే కనిపిస్తుంది. కాని అరవై ఏళ్ళ తరవాత మీ మనవలు అటక ఎక్కి దాన్ని వెతుక్కుంటారు.