ఉమ్మడి సొత్తు

వైద్యశాస్త్రంలో ఔషధాలు అనేక రకాలు. రక్తపోటు మాత్రను ఒక రోగి మింగితే, దాని మంచిచెడ్డలు ఆ రోగి దేహంతోనే ముగుస్తాయి. అతడు మాత్ర మానివేస్తే నష్టపడేది అతడు, అతనిపై ఆధారపడిన కుటుంబం. అతడు మానినంత మాత్రాన ఆ మాత్ర పొరుగువానికి పనిచేయకుండా పోదు. సూక్ష్మజీవులను చంపే ఔషధాల సంగతి అట్లా కాదు. ఒకరు అక్కరలేకుండా వాడినా, అర్ధాంతరంగా ఆపినా, ఆ మందుకు లొంగని సూక్ష్మజీవి మిగిలి బలపడుతుంది. అది మరొకరి దేహంలో ప్రవేశించిననాడు, ఏ పాపమూ ఎరుగని ఆ రెండవ వ్యక్తికి మందు పనిచేయదు. ఎవరి కడవతో వారు ముంచుకున్నా ఊరి చెరువు అందరిదీ అయినట్లే, ఎవరి డబ్బుతో వారు కొనుక్కున్నా ఈ మందుల శక్తి అందరికీ ఉమ్మడి సొత్తు. అంటువ్యాధుల ఔషధ చికిత్సను పాతికేళ్ళకు పైగా బోధించిన నాకు, విద్యార్థులకు చెప్పవలసినదంతా చివరకు ఈ ఒక్క మాటలో ఇమిడి ఉన్నదని తోస్తున్నది. ఈ మాట చెప్పడం సులభం. పరీక్షలో వ్రాయించడం మరీ సులభం. వృత్తిలో పాటింపజేయడమే కష్టం.

నేను అధ్యాపక వృత్తిలో ప్రవేశించిన 1990ల చివరి నాళ్ళలో మన దేశంలో ఫార్మసీ విద్య అంటే ప్రధానంగా మందును తయారుచేసే విద్య. మందు పేరు, రసాయన నిర్మాణం, మోతాదు, దుష్ఫలితాలు: ఇవి నల్లబల్లపై వ్రాసేవాణ్ణి, విద్యార్థులు నోటు పుస్తకాలలో ఎక్కించుకొనేవారు. తరగతికి ఉత్సాహం కలిగించడానికి మన ప్రాంతపు కథలు చెప్పేవాణ్ణి. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా జీవిని చూసినది మన సికిందరాబాదులోనే. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ పరిశోధనలకు నాయకత్వం వహించిన కాలంలోనే, 1948లో, టెట్రాసైక్లిన్ల కుటుంబంలో మొట్టమొదటిదైన ఆరియోమైసిన్ లోకానికి అందింది. బోదకాలు వ్యాధికి నేటికీ వాడుతున్న డైఇథైల్ కార్బమజైన్ కూడ ఆయన బృందం కృషి ఫలితమే. ఈ కథలు విని తరగతి గర్వంతో ఉప్పొంగేది. అయితే, కనుగొన్న కథ చెప్పే ఉపాధ్యాయుడు పోగొట్టుకున్న కథ కూడ చెప్పి తీరాలి. ఆ రెండవ కథకు నేను ఎన్నుకొన్నది టైఫాయిడ్.

1948లో టైఫాయిడ్‌కు క్లోరాంఫెనికాల్ పనిచేస్తుందని తేలింది. వారాల తరబడి మంచాన పడి, ప్రాణాలు దక్కుతాయో లేదోనని ఇల్లంతా ఎదురుచూసే జ్వరం, కొద్ది రోజులలో దిగిపోసాగింది. పాతికేళ్ళు తిరగక ముందే, 1972లో, కేరళలోని కోజికోడ్‌లో ఆ మందుకు లొంగని టైఫాయిడ్ ప్రబలింది. 1990 ప్రాంతానికి క్లోరాంఫెనికాల్, ఆంపిసిలిన్, కోట్రైమాక్సజోల్ అనే మూడింటినీ ధిక్కరించే సూక్ష్మజీవి దేశంలో వ్యాపించింది. అప్పుడు సిప్రోఫ్లాక్ససిన్ ఆదుకొన్నది. దానిని జలుబుకు, విరేచనాలకు, అయినదానికీ కానిదానికీ వాడడంతో అదీ బలహీనపడింది. నేడు సెఫ్ట్రియాక్సోన్, అజిత్రోమైసిన్ మనకు దిక్కు. అయితే 2016లో మొదలై పాకిస్తాన్‌లోని సింధు ప్రాంతంలో వ్యాపించిన టైఫాయిడ్‌కు సెఫ్ట్రియాక్సోన్ కూడ పనిచేయలేదు. ఈ కథలో విద్యార్థులను ఆశ్చర్యపరచే మలుపు ఒకటున్నది. వాడకం తగ్గిన తరువాత, మన దేశంలోని టైఫాయిడ్ సూక్ష్మజీవులలో చాలవరకు తిరిగి క్లోరాంఫెనికాల్‌కు లొంగుతున్నట్లు ప్రయోగశాలలు గమనించాయి. పూడిక తీసిన చెరువులో మళ్ళీ నీరు చేరినట్లు, విశ్రాంతినిస్తే కొన్ని మందులకు పూర్వ బలం కొంత తిరిగి రావచ్చు. అన్ని మందుల విషయంలో ఇట్లా జరుగుతుందన్న భరోసా మాత్రం లేదు.

2008లో ఫార్మ్.డి. విద్య ప్రారంభం కావడంతో నా బోధన తరగతి గది దాటి వార్డులో అడుగుపెట్టింది. ఆరేళ్ళ చదువు, అందులో చివరి సంవత్సరం ఇంటర్న్‌షిప్. వైద్యుల వెంట రౌండ్స్‌లో మా విద్యార్థులు కూడ నడవసాగారు. కేస్ షీటు చదవడం, మూత్రపిండాల శక్తిని బట్టి మోతాదు లెక్కకట్టడం, ఒక మందు మరొక మందుతో కలహిస్తుందేమో చూడడం, అన్నిటికంటె ముఖ్యంగా రోగితో మాట్లాడడం వారు అక్కడ నేర్చుకోవాలి. ఈ చివరిదానికి పాఠ్యపుస్తకం లేదు.

ఉర్దూ మాధ్యమంలో చదివి వచ్చిన ఒక విద్యార్థిని తరగతిలో ఎప్పుడూ వెనుక బెంచీలో కూర్చొనేది. ఇంగ్లీషులో ప్రశ్న అడిగితే తల వంచుకొనేది. రంజాన్ మాసంలో ఒకనాడు, ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్‌తో వచ్చి మందులు వాడుతున్న ఒక వృద్ధురాలు మా విభాగానికి వచ్చింది. ఎనిమిదేసి గంటలకు ఒకటి చొప్పున రోజుకు మూడు అమాక్సిసిలిన్ గొట్టం బిళ్ళలు చీటీలో వ్రాసి ఉన్నవి. మందులు సరిగా వేసుకుంటున్నారా అని తెలుగులో అడిగితే ఆమె తల ఊపింది. అప్పుడా విద్యార్థిని ప్రక్కన కూర్చొని ఉర్దూలో, "ఖాలా, మీరు రోజా ఉంటున్నారా?" అని అడిగింది. "ఉంటున్నాను బేటీ. పగలు ఎట్లా వేసుకొనేది? మూడూ ఇఫ్తార్ తరువాత ఒకేసారి వేసుకుంటున్నాను" అన్నది ఆ వృద్ధురాలు.

నేను సంవత్సరాల తరబడి నల్లబల్లపై గీతలు గీసి చెప్పిన పాఠం ఆ ఒక్క జవాబులో ఉన్నది. కొన్ని మందులు రక్తంలో ఎంత ఎత్తుకు చేరితే అంత బలంగా పనిచేస్తాయి. పెన్సిలిన్ జాతి మందులు అట్లా కావు. ఎంత ఎత్తుకు చేరినవన్నది వాటికి ముఖ్యం కాదు, ఎంతసేపు నిలిచి ఉన్నవన్నదే ముఖ్యం. మూడింటినీ ఒకేసారి మింగితే తెల్లవారక ముందే ఆ మందు దేహాన్ని విడిచిపోతుంది. పగలంతా సూక్ష్మజీవిదే రాజ్యం. ఆ విద్యార్థిని వృద్ధురాలికి ఉపవాసం మానమని ఆజ్ఞాపించలేదు. జబ్బుపడినవారు ఉపవాసాన్ని తరువాతి రోజులకు వాయిదా వేసుకోవడానికి ధర్మంలోనే వెసులుబాటు ఉన్నదని మృదువుగా గుర్తుచేసింది. ఆపైన వైద్యుని వద్దకు వెళ్ళి విషయం వివరించింది. ఆయన రోగిని మళ్ళీ పరీక్షించి, రోజుకు ఒక్కసారి చాలే మందుకు మార్చారు. ఇంగ్లీషు రాదని తనను తాను తక్కువ చేసుకొన్న ఆ అమ్మాయి భాషే ఆనాడు వార్డులో అన్నిటికంటె పదునైన సాధనం అయినది. మాతృభాష వైద్యవృత్తిలో అలంకారం కాదు, పనిముట్టు అని ఆ తరువాత ప్రతి తరగతికీ చెబుతూ వచ్చాను.

క్షయ చికిత్స పాఠం మరింత కఠినమైనది. 1956లో మద్రాసులో నెలకొల్పిన క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం ఒక ప్రశ్న వేసుకొన్నది: పేదరోగిని శానిటోరియంలో ఉంచి మంచి తిండి, విశ్రాంతి ఇచ్చి చికిత్స చేయాలా, లేక ఇరుకైన ఇంటిలోనే ఉంచి మందులివ్వవచ్చునా? 1959లో వెలువడిన ఫలితం ప్రపంచాన్ని ఆలోచింపజేసింది. మందు సక్రమంగా అందితే ఇంటి వద్ద ఉన్న రోగులు కూడ దాదాపు అంత చక్కగానే కోలుకొన్నారు. కోటలవంటి శానిటోరియాల అవసరం తీరింది. కాని ఆ ఫలితం వెనుక ఒక షరతు ఉన్నది: "మందు సక్రమంగా అందితే." ఆ షరతును నెరవేర్చడమే మా పని.

కొన్నేళ్ళ క్రితం ఒక ఆటో డ్రైవరు క్షయ మందులు మొదలుపెట్టాడు. రెండు నెలలకు దగ్గు పోయింది, ఆకలి పుట్టింది, బరువు పెరిగింది. రిఫాంపిసిన్ వలన మూత్రం ఎర్రబడడం సహజమని అతనికి ఎవరూ చెప్పలేదు. రక్తం పోతున్నదని ఇంట్లో వారు భయపడ్డారు. రోగం నయమైనదన్న నమ్మకమూ, మందు హాని చేస్తున్నదన్న భయమూ కలిసి అతని చేత మందు మాన్పించాయి. ఏడాది తరువాత అతడు తిరిగి వచ్చేనాటికి అతని దేహంలోని క్షయ రిఫాంపిసిన్‌కు లొంగనిది. అంతటితో ఆగలేదు. అదే గదిలో నిద్రించే అతని చెల్లెలికీ వ్యాధి సోకింది. అంతకుముందు ఒక్క క్షయ మాత్ర కూడ మింగి ఎరుగని ఆ పదిహేడేళ్ళ పిల్లకు మొదటి రోజు నుండే లొంగని వ్యాధి. ఆ రోజుల్లో దానికి చికిత్స రెండేళ్ళు. అందులో నెలల తరబడి కనామైసిన్ ఇంజక్షన్లు. ఆమె బ్రతికింది. కాని ఆ ఇంజక్షన్ల వలన వినికిడి చాలవరకు పోయింది. ఎదురుగా నిలబడి నెమ్మదిగా మాట్లాడితే పెదవుల కదలికను చూసి గ్రహించేది. మా విద్యార్థులు ఆమెకు మందుల వేళలు కాగితంపై తెలుగులో పెద్ద అక్షరాలతో వ్రాసి ఇచ్చారు. ఉమ్మడి సొత్తు అన్న మాటకు నేను ఇవ్వగలిగిన నిర్వచనాలన్నీ ఆ పిల్ల ముందు వెలవెలబోయాయి.

నేడు పరిస్థితి మెరుగైనది. 2017లో మన దేశమంతటా క్షయకు రోజువారీ మందుల విధానం అమలులోకి వచ్చింది. బెడాక్విలిన్ వంటి నోటి మాత్రలతో, ఇంజక్షన్లు లేకుండా, మొండి క్షయను ఆరు నెలలలో నయంచేసే విధానానికి మన ప్రభుత్వం 2024లో ఆమోదం తెలిపింది. ఈ కొత్త మందులను కూడ క్లోరాంఫెనికాల్ దారిన పోనివ్వకుండా కాపాడడం ఇప్పటి విద్యార్థుల చేతిలో ఉన్నది.

అయితే ఆ చేతులను బయటి ప్రపంచం ఎట్లా పట్టి లాగుతుందో కూడ చెప్పాలి. నా పూర్వ విద్యార్థి ఒకడు మండల కేంద్రంలో మెడికల్ షాపు పెట్టుకొన్నాడు. ఒకసారి కలిసినప్పుడు ఇట్లా అన్నాడు: "సార్, జలుబుకు యాంటీబయాటిక్ పనిచేయదని మీరు చెప్పిన పాఠం నాకు గుర్తున్నది. జలుబు వైరస్ వలన వస్తుందనీ తెలుసు. కాని నేను ఇవ్వనంటే ఆ మనిషి వీధి దాటి ఎదుటి షాపులో కొనుక్కుంటాడు. పాఠం నిలుస్తుంది, నా బేరం పోతుంది. నన్నేం చేయమంటారు?" తరగతిలో ఏ విద్యార్థీ నన్ను ఇంత కఠినమైన ప్రశ్న అడగలేదు. చట్టం ఉన్నది, 2014 మార్చి 1 నుండి షెడ్యూలు హెచ్-1 క్రింద ముఖ్యమైన యాంటీబయాటిక్‌లను, క్షయ మందులను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదు, అమ్మిన ప్రతిదీ ప్రత్యేక రిజిస్టరులో నమోదు చేయాలి. చట్టం సంగతి అతనికి నాకంటె బాగా తెలుసు. కనుక చట్టం చెప్పి తప్పించుకోలేదు. "వద్దన్నప్పుడు వట్టి చేతులతో పంపకు. ఆవిరి పట్టమని చెప్పు, జ్వరానికి పారాసెటమాల్ ఇవ్వు, మూడు రోజులకు తగ్గకపోయినా, ఆయాసం వచ్చినా డాక్టరు వద్దకు వెళ్ళమని చెప్పు. మనిషి నీ వద్దకు వచ్చేది బిళ్ళ కొరకే కాదు, భరోసా కొరకు కూడ" అన్నాను. అతడు ఒప్పుకొన్నట్లూ అనలేదు, కాదనీ అనలేదు. మరుసటి సంవత్సరం ఫోన్ చేసి, కొందరు బేరస్థులు పోయిన మాట నిజమేననీ, కాని పసిపిల్లల తల్లులు మాత్రం తనను వెతుక్కుంటూ వస్తున్నారనీ చెప్పాడు. లాభనష్టాల లెక్క సరిపోయిందో లేదో నేను అడగలేదు.

కరోనా రోజులు ఈ విద్యకు మరో పరీక్ష పెట్టాయి. 2020, 2021 సంవత్సరాలలో వైరస్ జ్వరానికి అజిత్రోమైసిన్, డాక్సిసైక్లిన్ ఇంటింటా పప్పుబెల్లాల వలె పంచుకొన్నారు. 2021 వేసవిలో మ్యూకర్‌మైకోసిస్ విజృంభించి, ఆంఫోటెరిసిన్-బి సీసా కొరకు బంధువులు ఊరూరా తిరిగారు. దొరికిన సీసాను వృథా కానివ్వకుండా చూడడం మా ఇంటర్న్‌ల వంతు. ఆ మందును సెలైన్‌లో కలపరాదు, డెక్స్‌ట్రోజ్‌లోనే కలపాలి. పుస్తకంలో అది ఒక్క వాక్యం. ఆ రోజుల్లో అది ఒక ప్రాణం.

2019లో ప్రపంచవ్యాప్తంగా సుమారు 12.7 లక్షల మంది మరణాలకు మందులకు లొంగని బాక్టీరియాలే నేరుగా కారణమని పరిశోధకులు అంచనా వేశారు. అంకె పెద్దది కనుక మనసుకు అందదు. అందుకే నేను తరగతిలో ఈ అంకె చెప్పిన వెంటనే ఆ ఆటో డ్రైవరు చెల్లెలి సంగతి చెబుతాను.

ఈ పత్రికను చదివే విద్యార్థులలో కొందరు ఫార్మసీ, వైద్య, నర్సింగు కళాశాలలకు వెళతారు, చాలమంది వెళ్ళరు. వెళ్ళనివారికి కూడ ఈ విద్యలో భాగం ఉన్నది. మీ ఇంట్లో నాన్నమ్మకో, దాదీమాకో మందుల చీటీ చదివి చెప్పేది మీరే. వైద్యుడు వ్రాయని యాంటీబయాటిక్ కొనకండి, వ్రాసినదానిని వైద్యుడు చెప్పిన రోజులు పూర్తిగా వాడించండి, మిగిలిన బిళ్ళలను పొరుగింటివారికి దానం చేయకండి, ఆర్.ఎం.పీ. వద్ద సూది వేయించమని పట్టుబట్టే పెద్దలకు ఓపికగా నచ్చజెప్పండి. ఉర్దూలో చెప్పండి, తెలుగులో చెప్పండి, వారికి అర్థమయ్యే మాటలో చెప్పండి. తరువాతి మంచంమీద పడుకోబోయే రోగి ఎవరో మనకు తెలియదు. ఆ రోగికి పనిచేసే మందు ఒకటి మిగిలి ఉండాలి.